పాల డబ్బా మీద తన ఫోటో చూసుకున్న పిల్ల: "నువ్వెవరి కూతురివి" అన్న ప్రశ్నలో ఎన్ని ముళ్లున్నాయి?

స్కూల్లో లంచ్ టైమ్. జేనీ జాన్సన్‌కి పదిహేనేళ్లు. పాలు పడవు, తాగితే తేడా చేస్తుంది. అయినా ఆ రోజు ఆగలేక స్నేహితురాలి పాల డబ్బా లాక్కుని తాగేసింది. డబ్బా కింద పెట్టబోతూ దాని పక్క వైపు చూసింది. ఒక చిన్నపిల్ల ఫోటో. మూడేళ్లుంటాయి. రెండు పిలక జడలు, సన్న చుక్కల గౌను, తెల్ల కాలరు. పేరు జెన్నీ స్ప్రింగ్. పన్నెండేళ్ల కిందట న్యూజెర్సీలో ఒక షాపింగ్ మాల్ నుంచి మాయమైంది.

జేనీకి ఆ గౌను గుర్తుంది. ఆ కాలరు మెడకి గీరుకునేది. అదీ గుర్తుంది.

అమెరికన్ రచయిత్రి కరొలిన్ బి. కూనీ టీనేజ్ పిల్లల కోసం 1990లో రాసిన 'ద ఫేస్ ఆన్ ద మిల్క్ కార్టన్' నవల మొదలయ్యేది ఈ సీన్‌తోనే. నాకిది ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద, అట్ట సగం ఊడిపోయి దొరికింది. పేరు చూసి ఏదో డిటెక్టివ్ కథ అనుకున్నాను. "కిడ్నాపైన అమ్మాయి తన అసలు తల్లిదండ్రుల్ని కనుక్కునే కథ" అని ఒక్క ముక్కలో చెప్పేవాళ్లు చాలామంది. అలా చెబితే కథ చేతిలోంచి జారిపోతుంది. ఎందుకంటే ఈ కథలో తేలనిదే ఆ "అసలు" అన్న మాట.

ముందు ఆ పాల డబ్బా సంగతి చెప్పుకోవాలి, లేకపోతే మనకి ఎక్కదు. మనకి పాలంటే ప్యాకెట్. దాని మీద డెయిరీ పేరు, ధర, తేదీ తప్ప ఇంకేం చూస్తాం? అమెరికా స్కూళ్లలో పిల్లలకి గ్లాసుడు పాలు పట్టే చిన్న అట్టడబ్బాలు ఇస్తారు. 1979 మే 25న న్యూయార్క్ సోహోలో ఈటన్ పాట్జ్ అనే ఆరేళ్ల బాబు మొదటిసారి ఒంటరిగా స్కూల్ బస్సు దాకా నడిచి వెళ్తానని బయల్దేరాడు. మళ్లీ కనబడలేదు. 1982లో అయోవా రాష్ట్రంలో తెల్లవారుజామున పేపర్లు వేయడానికి వెళ్లిన పన్నెండేళ్ల జానీ గాష్ మాయమయ్యాడు. రెండేళ్లకి ఆ చుట్టుపక్కలే యూజీన్ మార్టిన్ అనే ఇంకో పేపర్ కుర్రాడు. అక్కడి ఆండర్సన్ ఎరిక్సన్ డెయిరీ 1984లో ఈ ఇద్దరి ఫోటోలు పాల డబ్బాల మీద వేసింది. 1985కల్లా దేశమంతా వేయడం మొదలుపెట్టారు.

అలా వేసినందువల్ల దొరికిన పిల్లలు తక్కువే. టిఫిన్ తింటున్న చిన్నపిల్లల ముందు ఈ ఫోటోలు పెట్టి భయపెట్టడమేమిటని పిల్లల డాక్టరు బెంజమిన్ స్పాక్ లాంటివాళ్లు అప్పుడే అడిగారు. ఆ భయానికి ఇంకో మెలిక ఉంది. 1999 సంవత్సరానికి అమెరికా న్యాయశాఖ లెక్క ప్రకారం, ముక్కూమొహం తెలియనివాళ్లు పిల్లల్ని ఎత్తుకెళ్లి దూరంగా దాచడమో, చంపడమో, డబ్బు అడగడమో చేసిన కేసులు దేశం మొత్తంలో సుమారు 115. విడిపోయిన తండ్రో, తల్లో, ఇంకో బంధువో తీసుకుపోయిన కేసులు రెండు లక్షలకి పైన. అంటే పాల డబ్బా చూసి జనం భయపడింది ఎవరో దొంగకి. పిల్లలు ఎక్కువగా పోయింది సొంతవాళ్ల చేతుల్లోకి.

కూనీ ఈ రెండింటినీ కలిపేసింది. ఆమె కథలో పిల్లని ఎత్తుకెళ్లిన మనిషి ఒక ఇంటికి ఎవరో దొంగ. ఇంకో ఇంటికి కన్నకూతురు.

ఎవరు ఎవరికి అబద్ధం చెప్పారు

జేనీ పెరిగింది కనెక్టికట్‌లో, ఫ్రాంక్, మిరాండా అనే అమ్మానాన్నల దగ్గర. ఒక్కతే కూతురు, గారాబం. తన పేరు మరీ మామూలుగా ఉందని అక్షరాలు అటూఇటూ కలిపి స్టైలుగా రాసుకుని మురిసిపోతుండేది. డబ్బా చూశాక ఇంట్లో వెతకడం మొదలుపెట్టింది. తన పసితనం ఫోటోలు ఒక్కటీ లేవు. బర్త్ సర్టిఫికెట్ అడిగితే అమ్మ మాట దాటేస్తుంది. అటక మీద పెట్టెలో హానా అనే అమ్మాయి స్కూలు కాగితాలు, వాటి అడుగున ఆ చుక్కల గౌను.

నిలదీస్తే అమ్మానాన్నలు ఒక కథ చెప్పారు. హానా వాళ్ల కూతురు. టీనేజ్‌లోనే ఒక మతకూటమిలో చేరి ఇల్లు వదిలిపోయింది. కొన్నేళ్లకి ఒక చిన్నపిల్లని వెంటబెట్టుకుని వచ్చి, ఇది నా బిడ్డ అని చెప్పి అప్పజెప్పి, మళ్లీ వెళ్లిపోయింది. ఆ కూటమివాళ్లు పిల్ల కోసం ఎక్కడ వస్తారోనని వీళ్లు జావెన్సన్ అన్న ఇంటిపేరు జాన్సన్‌గా మార్చుకున్నారు, ఊరు మారారు, మనవరాలిని కూతురిగా పెంచారు.

ఈ కథని వాళ్లు మనస్ఫూర్తిగా నమ్మారు. అక్కడే ఉంది చిక్కంతా. హానా తల్లిదండ్రులకి అబద్ధం చెప్పింది. ఆ అబద్ధాన్ని నిజమనుకుని, దాన్ని కాపాడటానికి వాళ్లు జేనీకి ఇంకో అబద్ధం చెప్పారు, అమ్మమ్మ తాతయ్యలమని చెప్పకుండా అమ్మానాన్నలమని. ఇప్పుడు మూడో అబద్ధం జేనీ వంతు. డబ్బా మీద ఫోటో సంగతి ఆమెకి తెలుసు, వాళ్లకి తెలియదు. ఆ అట్టముక్కని నోట్‌బుక్కులో పెట్టుకుని రోజూ స్కూలుకి మోస్తుంది. పాఠకులు మొదటి రెండు అబద్ధాల మీదే దృష్టి పెడతారు. ఈ నవలని టీనేజ్ నవల చేసింది నా లెక్కలో మూడోదే. పెద్దవాళ్ల గుట్టుని ఒక పిల్ల మోయాల్సి రావడం.

ఇంటి గుట్టు లంకకు చేటు అంటాం. జేనీకి మాత్రం ఏ ఇల్లు లంకో, ఎవరు విభీషణుడో తెలియదు. చెబితే ప్రాణంగా పెంచినవాళ్ల ఇంటికి పోలీసులొస్తారు. చెప్పకపోతే న్యూజెర్సీలో ఒక తల్లి పన్నెండేళ్లుగా ఎదురుచూస్తూనే ఉంటుంది. ఒకసారి పక్కింటి కుర్రాడు రీవ్‌తో స్కూలు ఎగ్గొట్టి కారులో ఆ ఊరు దాకా వెళ్లి వస్తుంది. స్కూలు బస్సులోంచి పిల్లలు దిగుతారు, ఎర్రటి జుట్టుతో. అచ్చం తన జుట్టే. కారు దిగకుండానే వెనక్కి వచ్చేస్తుంది.

రచయిత్రి తెలివి ఏమిటంటే, రెండు ఇళ్లలోనూ విలన్‌ని ఉంచలేదు. జాన్సన్లు కావాలని ఎత్తుకొచ్చినవాళ్లయితే జేనీ పని తేలిక, పోలీసులకి ఫోన్ చేసేస్తుంది. స్ప్రింగ్ ఇంట్లో తాగి కొట్టే తండ్రి ఉంటే అదీ తేలికే, ఉన్నచోటే ఉండిపోతుంది. తప్పు చేసిన మనిషి ఈ మొదటి నవలలో ఎక్కడా ఎదురుపడదు. మిగిలినవాళ్లందరూ మంచివాళ్లే, అందరికీ దెబ్బ తగిలింది, అందరికీ ఆ పిల్ల మీద హక్కుంది.

హంగరీ నుంచి అమెరికా వెళ్లి స్థిరపడిన ఇవాన్ బోసోర్మెన్యి-నాజ్ అనే మానసిక వైద్యుడు 1973లో ఒక సహరచయిత్రితో కలిసి 'ఇన్విజిబుల్ లాయల్టీస్' అనే పుస్తకం తెచ్చాడు. ఇంట్లో మనుషుల మధ్య కనబడని ఖాతాపుస్తకం ఒకటి నడుస్తుంటుందని ఆయన భావన: ఎవరు ఎవరికి ఏం చేశారు, ఎవరు ఎవరికి బాకీ. ఒకరి పట్ల విశ్వాసంగా ఉండాలంటే ఇంకొకరికి ద్రోహం చేయక తప్పని చోటికి పిల్లని నెడితే, దాన్ని ఆయన చీలిన విధేయత అన్నాడు. విడాకుల ఇళ్లలో ఇది మనకి రోజూ కనిపించేదే. "మీ నాన్న దగ్గర బాగా తిన్నావా?" అని తల్లి అడిగితే, తిన్నా కూడా "ఏదో తిన్నానులే" అనే పిల్లలు. ఆ ఒక్క ముక్కలో అమ్మని నొప్పించకపోవడం ఉంది, నాన్నకి చేసిన చిన్న అన్యాయమూ ఉంది.

ఇంకో సంగతి చెప్పకుండా ఉండలేను. యవ్వనంలో "నేనెవరు" అనే ప్రశ్న వల్ల వచ్చే సంక్షోభానికి 'ఐడెంటిటీ క్రైసిస్' అని పేరు పెట్టిన ఎరిక్ ఎరిక్సన్‌కి తన కన్నతండ్రి ఎవరో జీవితాంతం తెలియలేదు. 1902లో పుట్టాడు. తల్లి తర్వాత పెళ్లి చేసుకున్న హోంబర్గర్ అనే డాక్టరే నాన్న అనుకుంటూ పెరిగాడు. అమెరికా పౌరసత్వం తీసుకున్నప్పుడు ఎరిక్సన్ అన్న ఇంటిపేరు తనే పెట్టుకున్నాడు. ఆ పేరుకి అర్థం ఎరిక్ కొడుకు అని. ఎవరి కొడుకో తెలియని మనిషి తనకి తనే కొడుకయ్యాడు.

కర్ణుడు కాదు, యశోద

ఈ కథ ఎవరికి చెప్పినా మొదట వచ్చే మాట "అచ్చం కర్ణుడిలా ఉందే" అని. నాకు ఆ పోలిక అతకదనిపిస్తుంది. కుంతి కర్ణుణ్ణి తనే నీళ్లలో వదిలింది. జేనీ కన్నతల్లి డోనా స్ప్రింగ్ బిడ్డని వదల్లేదు, కళ్లు మూసి తెరిచేలోగా పోగొట్టుకుంది. ఉద్యోగపర్వంలో కుంతి కర్ణుడి దగ్గరికి వచ్చి నువ్వు నా కొడుకువని చెప్పింది యుద్ధం ముంచుకొచ్చాక. స్ప్రింగ్ దంపతులకి కూతురు తప్ప ఇంకేమీ అక్కర్లేదు. అన్నిటికన్నా పెద్ద తేడా, కర్ణుడు అంగరాజు, పెళ్లాం పిల్లలున్నవాడు. రాధ కొడుకుగానే ఉంటానని చెప్పగలడు, చెప్పాడు కూడా. పదిహేనేళ్ల జేనీ తరఫున చట్టం మాట్లాడుతుంది, ఆమె కాదు.

దగ్గరి పోలిక యశోద. భాగవతం దశమస్కంధంలో యశోద కన్నది ఆడపిల్లని. ప్రసవించి, మాయ కమ్మి, ఒళ్లు తెలియకుండా నిద్రపోయింది. ఆ నిద్రలోనే వసుదేవుడు పిల్లని పట్టుకుపోయి పిల్లాణ్ణి పడుకోబెట్టాడు. లేచి చూసుకుని తన బిడ్డే అనుకుంది. ఆమె కన్న ఆడపిల్లని కంసుడు రాతికేసి కొట్టబోయిన సంగతి ఆమెకి తెలియదు. యశోదది దొంగతనం కాదు, ఆమెని ఎవరూ అడగనూ లేదు. మిరాండా కూడా అంతే. కన్నకూతురు హానా కూటమి పాలైంది. ఆ ఖాళీలోకి ఎవరో కన్న బిడ్డ వచ్చింది. తన బిడ్డేననుకుని పెంచింది. మనం యశోదాకృష్ణుల పాటలు అన్ని తరాలుగా పాడుకుంటున్నాం కానీ, "దేవకికి ఎలా ఉండి ఉంటుంది" అన్న వైపు ఎక్కువగా పోలేదు. ఈ కథకి కొనసాగింపుగా వచ్చిన రెండో నవల అంతా ఆ వైపే.

మన ఇళ్లలో ఈ చిక్కు ఇంకో రూపంలో ఉంటుంది. పిల్లల్లేని అక్కకి చెల్లెలు తన రెండో కొడుకునో మూడో కూతురినో ఇచ్చేయడం మొన్నమొన్నటిదాకా మామూలు. దాపరికం ఉండదు. ఊరంతటికీ తెలుసు, పిల్లవాడికీ తెలుసు. కన్నతల్లిని పిన్ని అంటాడు, పెంచిన పెద్దమ్మని అమ్మ అంటాడు. అబద్ధం లేదు కాబట్టి బాధ కూడా లేదనుకుంటాం. మా అమ్మ తరఫు బంధువు ఒకాయన అలా పెరిగినవాడే. ఆయన కన్నతండ్రి పోయినప్పుడు నేనక్కడే ఉన్నాను. తలకొరివి పెట్టడానికి పెద్దకొడుకు ఉన్నాడు, కాబట్టి అక్కడ పేచీ లేదు. ఈయనకి మైల ఎన్ని రోజులు అన్నదాని మీద అరుగు మీద పెద్దవాళ్లు వాదించుకుంటున్నారు. గోత్రం మారింది కదా అని ఒకరు, రక్తం మారలేదు కదా అని ఇంకొకరు. ఆయన షామియానా గుంజ పట్టుకుని, భుజం మీద తుండుగుడ్డతో నిలబడి ఉన్నాడు. యాభై దాటిన మనిషి. వాదన తెగేదాకా స్నానానికి వెళ్లాలా వద్దా తెలియక అక్కడే నిలబడ్డాడు.

చట్టం అయితే ఈ వాదనని ఎప్పుడో తేల్చేసింది. 1956 నాటి హిందూ దత్తత, మనోవర్తి చట్టం 12వ సెక్షన్ ప్రకారం దత్తత జరిగిన రోజు నుంచి పుట్టింటి బంధాలన్నీ తెగిపోయి, దత్తత తీసుకున్న ఇంటి బంధాలు వాటి చోట వచ్చి చేరతాయి. దత్తతకి ముందే తనకి దక్కిన ఆస్తి తనతోనే ఉంటుంది. పుట్టిన ఇంట్లో ఉండి ఉంటే ఎవరిని పెళ్లి చేసుకోకూడదో, ఇప్పుడూ వాళ్లని చేసుకోకూడదు. అన్నీ తెంచిన చట్టం పెళ్లి దగ్గరికొచ్చేసరికి రక్తాన్ని గుర్తు పెట్టుకుంది. 15వ సెక్షన్ ఇంకా గట్టిది: చెల్లుబాటయ్యే దత్తతని పెంచినవాళ్లు రద్దు చేయలేరు, పిల్లలు కూడా ఆ బంధం వద్దని పుట్టింటికి తిరిగి వెళ్లలేరు.

జేనీ లాంటి పిల్ల మన దగ్గర ఉందనుకోండి, ఈ సెక్షన్లేవీ ఆమెకి పనికిరావు. దత్తత ఇచ్చే హక్కు కన్నవాళ్లకి, వాళ్లు లేకపోతే గార్డియన్‌కి మాత్రమే ఉంటుంది. ఎత్తుకొచ్చిన మనిషి ఇచ్చింది దత్తతే కాదు. కాబట్టి చట్టం దృష్టిలో జవాబు ఒక్క లైను, పిల్ల స్ప్రింగ్‌లది. ఆ ఒక్క లైనుతో పదిహేనేళ్ల పిల్లకి ఏమీ తేలదు కాబట్టే ఇది కోర్టు నవల కాలేదు.

ఇది అమెరికా కథ, మనకెందుకు అనుకునేవాళ్లకి ఒక సంగతి. 1999 నుంచి 2001 దాకా ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దత్తత కుంభకోణాలు బయటపడ్డాయి. తండాల్లో పేద లంబాడా తల్లిదండ్రుల దగ్గర ఆడపిల్లల్ని కొద్ది డబ్బుకి కొని, కాగితాలు పుట్టించి, హైదరాబాద్ శిశుగృహాల మీదుగా విదేశాలకి దత్తత పంపడం. పేదరికం కారణంగా పిల్లల్ని వదులుకోవడాన్ని 2001లో రాష్ట్ర ప్రభుత్వం నిషేధించేదాకా వెళ్లింది వ్యవహారం. అలా వెళ్లిన పిల్లలకి ఇప్పుడు పాతికేళ్లు దాటి ఉంటాయి. వాళ్లని పెంచిన విదేశీ తల్లిదండ్రులు కూడా చేతిలో పెట్టిన కాగితాలే నమ్మారు, హానా మాట నమ్మిన ఫ్రాంక్, మిరాండాల్లాగే. మన దత్తత నియమాల్లో ఇప్పుడు మూలాల అన్వేషణకి ఒక నిబంధన ఉంది. పద్దెనిమిదేళ్లు దాటినవాళ్లు తమ పుట్టుక వివరాలు కావాలని స్వయంగా దరఖాస్తు చేసుకోవచ్చు. కాకపోతే కాగితమే అబద్ధమైనచోట ఆ ఫైలు తెరిచినా ఏముంటుంది?

పిల్ల దొరికాక

తెలంగాణ పోలీసులు 2018లో దర్పణ్ అని ఒక ఫేస్ రికగ్నిషన్ టూల్ తెచ్చారు. శిశుగృహాల్లో ఉన్న పిల్లల ఫోటోలని, తప్పిపోయిన పిల్లల ఫోటోలతో అది పోల్చి చూస్తుంది. పాల డబ్బాకి మనవడి వరస అనుకోవచ్చు. పిల్ల దొరికిందని పేపర్లో వచ్చే వార్త ఎప్పుడూ తల్లి వాటేసుకున్న ఫోటోతో ముగుస్తుంది. మర్నాడు పొద్దున ఆ ఇంట్లో ఏం జరిగిందో ఎవరూ రాయరు.

1993లో వచ్చిన రెండో నవల 'వాటెవర్ హ్యాపెన్డ్ టు జేనీ?' ఆ మర్నాడు పొద్దున గురించే. అందరూ మొదటి పుస్తకమే చదివి ఆపేస్తారు, నా ఉద్దేశంలో రెండోదే మేలు. స్ప్రింగ్‌ల ఇంట్లో జెన్నీ కాక నలుగురు పిల్లలు: స్టీఫెన్, జోడీ, కవలలు బ్రయన్, బ్రెండన్. కూతురు ఎప్పటికైనా వస్తే దారి తెలియాలని ఆ ఇల్లు మారకుండా అక్కడే ఉండిపోయారు. పన్నెండేళ్లు. ఆ ఇంట్లో మిగతా పిల్లలు ఎలా పెరిగి ఉంటారో ఆలోచించండి. ఒక్క నిమిషం ఆలస్యమైతే ఇంట్లో గోల. ఎక్కడికీ ఒంటరిగా పంపరు. లేని అక్కచెల్లెలి కోసం ఉన్న పిల్లలు తమ బాల్యాన్ని వదులుకున్నారు. తీరా ఆ చెల్లెలు వచ్చాక, ఆమె మొహంలో సంతోషం లేదు. ఆమెకి ఇది సొంతిల్లు కాదు, కొత్త ఊళ్లో దిగిన హాస్టల్. చెల్లెలొస్తుందని ఇన్నేళ్లు కలలుకన్న జోడీకి ఒళ్లు మండిందంటే తప్పేముంది?

ఇక్కడ కూనీ చూపించేది ఏమిటంటే, రెండుగా చీలింది జేనీ ఒక్కతే కాదు. స్ప్రింగ్ దంపతులు కనబడని కూతురికీ కళ్లెదుట ఉన్న నలుగురికీ మధ్య చీలిపోయి ఉన్నారు. మిరాండా పెంచిన కూతురికీ కన్న కూతురికీ మధ్య. చివరికి జేనీ కనెక్టికట్‌కే తిరిగి వెళ్లిపోతుంది. స్ప్రింగ్‌లు పంపిస్తారు. గెలిచిన కేసుని చేతులారా వదులుకున్న ఆ కన్నతల్లి మీద నాకు మిగతా అందరికన్నా ఎక్కువ గౌరవం. చాలామంది పాఠకులకి మాత్రం జేనీ మీద కోపమొచ్చింది, కన్నవాళ్లని కాదని పోవడమేమిటని. మా మేనకోడలు పదో తరగతి సెలవుల్లో చదివి ఆ కోపంతో పుస్తకం విసిరేసింది. నాకైతే అలా కోపం తెప్పించడమే నవల చేసిన మంచిపని అనిపించింది.

మూడో పుస్తకం 1996లో వచ్చిన 'ద వాయిస్ ఆన్ ద రేడియో'. బోస్టన్‌లో కాలేజీ చేరిన రీవ్ అక్కడి రేడియోలో పేరు తెచ్చుకోవడానికి జేనీ కథని రోజూ కొంచెం కొంచెంగా అమ్మేస్తాడు. దాని గురించి ఎక్కువ చెప్పను. ఇప్పుడు రీల్స్ కాలంలో ఆ పని చేసే స్నేహితులు అందరికీ ఉన్నారు.

నాలుగోది, 2000లో వచ్చిన 'వాట్ జేనీ ఫౌండ్' దగ్గర మాత్రం ఆగాలి. ఫ్రాంక్‌కి పక్షవాతం వచ్చి ఆసుపత్రిలో ఉంటాడు. ఇంట్లో బిల్లులు, చెక్కులు చూడాల్సిన పని జేనీ మీద పడుతుంది. ఫైళ్లు సర్దుతుంటే ఒక ఫోల్డర్. కొన్నేళ్లుగా హానాకి, కొలరాడోలోని బౌల్డర్‌కి, క్రమం తప్పకుండా వెళ్తున్న చెక్కులు. పోలీసులు ఎవరి కోసం వెతుకుతున్నారో ఆ మనిషి అడ్రసు నాన్న దగ్గరుంది. తనని తల్లి దగ్గరి నుంచి ఎత్తుకొచ్చిన మనిషికి నాన్న డబ్బు పంపుతున్నాడు. భార్యకి చెప్పలేదు, జేనీకి చెప్పలేదు, పోలీసులకి చెప్పలేదు.

ఇది జేనీకి ద్రోహమా? అవును. తండ్రి చేయాల్సిన పనేనా? అది కూడా అవునే అనిపిస్తుంది నాకు. నేరం చేసిన కూతురు కూడా కూతురే కదా. జేనీని మాత్రం అందరూ రెండిళ్లలో ఒకటి తేల్చుకోమన్నారు. ఫ్రాంక్ ఇద్దరు కూతుళ్లలో ఒకరిని తేల్చుకోలేక, చెక్కుబుక్కులో ఇద్దరినీ దాచుకున్నాడు. ఐదు నవలల్లో అత్యంత నిజమైన వస్తువు ఏది అంటే నేను ఆ పాల డబ్బా అనను, ఆ ఫోల్డర్ అంటాను.

2013లో వచ్చిన 'జేనీ ఫేస్ టు ఫేస్' పెళ్లితో ముగుస్తుంది. అది లేకపోయినా ఏం పోయేది కాదు.

లోపాలు లేకపోలేదు. కాకతాళీయాలు ఎక్కువ. జేనీ స్ప్రింగ్‌లకి ఉత్తరం రాసి, పోస్టు చేయాలా వద్దా అని ఊగుతుంటే అది ఎక్కడో పడిపోయి పోస్టులోకి వెళ్లిపోతుంది. రచయిత్రి నిర్ణయం తప్పించుకుందని కొందరంటారు. నాకలా అనిపించలేదు, ఆ వయసులో మనం తీసుకున్నామనుకునే నిర్ణయాలు సగం అలా జారిపడినవే. ఇక ఇప్పుడైతే ఈ కథే ఉండదు. జేనీ ఫోన్ తీసి పేరు కొడితే రెండు నిమిషాల్లో స్ప్రింగ్‌ల ఇంటి ఫోటో వస్తుంది. డీఎన్‌ఏ కిట్ కొరియర్‌లో వస్తుంది. ఎవరి రక్తమో తేలుతుంది. ఆ తర్వాత ఆదివారం ఎవరింట్లో భోంచేయాలో కిట్ చెప్పదు.

అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ దశాబ్దానికోసారి, పెద్దలు ఎక్కువగా అభ్యంతరం పెట్టిన పుస్తకాల జాబితా వేస్తుంది. 1990లు, 2000లు, రెండు జాబితాల్లోనూ ఈ పుస్తకం ఉంది. టీనేజ్ ప్రేమ ఉందని, పెద్దవాళ్లకి ఎదురుతిరగడం ఉందని వాళ్ల ఫిర్యాదు. నిజానికి ఇంత పెద్దవాళ్ల మాట వినే పిల్లని నేను ఏ టీనేజ్ నవల్లోనూ చూడలేదు. ఇద్దరు అమ్మలు, ఇద్దరు నాన్నల మాటా ఒకేసారి వినాలని చూసింది, అదే ఆమె కష్టం.

మొదటి నవల చివరి పేజీలో ఉన్నది ఒక ఫోన్ కాల్. నిజం ఇంట్లో అందరికీ తెలిసిపోయింది. ఇక స్ప్రింగ్‌లకి చెప్పక తప్పదు. పెంచిన అమ్మానాన్నల ఇంట్లోంచే న్యూజెర్సీ నంబరు కలిపారు. అవతల ఫోన్ ఎత్తారు. జేనీ తనెవరో చెప్పాలి. మీ కూతుర్ని అంది. జెన్నీని అంది.